పది సెకన్లు

అల్లిపురం సందులో
సగం దించిన షట్టరు కింద వంగి వెళ్ళాను.
"నెత్తి జాగర్త" అంది నూకరత్నం, ఎప్పట్లాగే.
ఎప్పట్లాగే తగిలింది.

బల్ల మీద మూత విప్పిన పెట్టె.
సముద్రం ఇక్కడికి కనపడదు,
కానీ ప్రతి స్క్రూ మీదా
పచ్చగా చిలుం పెట్టిపోతుంది.

ఒక్క డిస్కు, మూడు కాపురాలు.
మొదటిది పాత విండోస్:
శుభలేఖల అక్షరాలన్నీ అందులోనే ఉన్నాయి,
వెనక పాత ప్రింటరు సాకెట్లో
బొటనవేలంత తాళం గుచ్చితే గానీ లేవవు.
రెండోది కొత్త విండోస్,
జీఎస్టీకి, ఆడిటరు గారి చిరాకుకి.
మూడోది లైనక్స్,
కంచరపాలెం పాలిటెక్నిక్‌లో చదివే
మేనకోడలు ఢిల్లీశ్వరికి.

పాతది ముందు ఎక్కించాలి, కొత్తది తర్వాత,
లైనక్స్ అందరికన్నా చివర.
ఈ వరస నాకు దెబ్బలు తింటే వచ్చింది.
విండోస్ ఆఖర్న వచ్చిందంటే
గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుంటుంది.
లోపల ఇంకెవరైనా ఉన్నారా అంటే
లేరనేస్తుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి
నల్లటి తెర మీద మూడు తెల్ల వరసలు.
"ఇదేటి?"
"మెనూ అండి. బాణం నొక్కి ఏది కావాలో ఎంచుకోవాలి."
"పేర్లేటి అలగున్నాయి, ఖైదీల నంబర్లలాగ?"

తెలుగులో రాసి చూపించాను.
మెనూకి తెలుగు చేతకాదు.
ఒత్తులు పక్కకి జారిపోయి,
గుడి ఒకచోట, దాని అక్షరం ఇంకోచోట,
తుఫాను మర్నాడు బీచి రోడ్డులా ఉంది.
ఇరవై రెండేళ్ళు
ఒత్తు కింద ఒత్తు సర్దిన మనిషి
కళ్ళు మూసేసుకుంది.
"తీసీ బాబూ. సూడ్లేను."
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే రాశాను:
శుభలేఖలు. లెక్కలు. ఢిల్లీ.

తెర అడుగున ఒక అంకె దిగుతోంది,
తొమ్మిది, ఎనిమిది, ఏడు.
"మరి ఇదేటి?"
"ఆలోచించుకోడానికి టైము. పది సెకన్లు.
మీరేమీ నొక్కకపోతే మొదటిది తెరుచుకుంటుంది."
"నానేటీ సెప్పకపోతే
నా బదులు అదే సెప్పీసుకుంటాదా?"
"అవునండి."
ఆవిడ కొంచెంసేపు ఫ్యాను వంక చూసింది.
"తీసీ ఆ అంకె. నానొచ్చీవరకూ ఆగమను.
ఆటోవోడు ఆగుతున్నాడు, పెళ్ళోరు ఆగుతున్నారు,
దీనికేటి రోగం?"

ఫైల్లో పది చెరిపి
మైనస్ ఒకటి రాశాను.
మైనస్ ఒకటి అంటే ఎప్పటికీ అని అర్థం.
ఎందుకో నాకూ తెలీదు.

ఇంటికి పోతూ
జ్ఞానాపురం వైపు వంతెన మీద బండాపాను.
కింద స్టేషన్లో
ముందున్న ఇంజను విప్పి తోకకి తగిలిస్తున్నారు.
ఊరికి కొత్తవాళ్ళెవరో
వెనక్కి పోతున్నామని కంగారుపడి
ఈపాటికి పక్కవాళ్ళని అడుగుతూ ఉంటారు.

ఆరింటికి ఫోను.
"బాబూ, ఆగుతోంది.
బాగానే ఆగుతోంది.
బాణం నొక్కితే మాత్రం ఇనట్లేదు."

రాత్రి నేను నొక్కి చూసింది
నా సంచిలో కీబోర్డు.
ఆవిడది కొత్తది,
విండోస్ లేచాక గానీ లేవదు.
విండోస్ లేవాలంటే ముందు దాన్ని ఎంచుకోవాలి,
ఎంచుకోవాలంటే కీబోర్డు లేవాలి.
పది సెకన్లు ఉండి ఉంటే
ఈపాటికి ఏదో ఒకటి తెరుచుకునేది.
ఆ మాట ఫోన్లో అనలేదు.

వెళ్ళేసరికి
మగపెళ్ళివారు బెంచీ మీద,
వాళ్ళ చేతిలో పసుపు రాసిన కాగితం,
ఢిల్లీశ్వరి నోట్లో ఇడ్లీ,
తెర మీద మూడు పేర్లు.
ఎవరికీ తొందర లేనట్టుంది, పెళ్ళివారికి తప్ప.

గుండ్రటి పిన్ను పాత కీబోర్డు గుచ్చి
ఆపి మళ్ళీ వేశాను.
ఆవిడ వేలు పెట్టింది.
తెల్ల గీత ఒక మెట్టు కిందికి దిగింది.
"ఇదిగో, ఇనుకుంది" అంది,
ఇంకో మెట్టు దించి,
మళ్ళీ పైకి తెచ్చి,
మళ్ళీ దించి.